చార్టమ్మ కోట ఎవరికిచ్చింది

బస్సు డిపోలో ఆమె అసలు పేరు హాజరుపట్టీ దాటి బయటికి రాలేదు. అందరికీ ఆమె చార్టమ్మే. రేపు ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో, ఏ రూటుకు వెళ్ళాలో రాసే డ్యూటీ చార్టు ఇరవై రెండేళ్ళుగా ఆమె చేతిమీదుగానే గోడకెక్కుతోంది. గేటు పక్కన ఒక ఇరుకు గది, ఆ గదికి కమ్మీల కిటికీ, కిటికీ అవతల నిద్రకళ్ళతో నిలబడే డ్రైవర్ల వరస. ఆమె ఉద్యోగమంతా ఆ కిటికీ ఇవతలే గడిచింది.

డ్యూటీలు వెయ్యడం కత్తి మీద సాము. ఒకడి భార్యకు ఒంట్లో బాగుండదు, ఒకడికి నడుంనొప్పి, ఇంకొకడికి ఏ నొప్పీ లేదు గానీ బద్ధకం. కొండదారి బండికి నిదానస్తుడు కావాలి. మార్కెట్టు రూటుకు ఎవరేం తిట్టినా వినపడనట్టు నటించగలవాడు కావాలి. ఎవణ్ణి ఎక్కడ పెడితే బండి గీత పడకుండా సాయంత్రానికి తిరిగొస్తుందో చార్టమ్మకు కంఠతా వచ్చు. అయితే ఆమె లోలోపల గర్వపడేది ఆ నేర్పుకు కాదు. తనకు పక్షపాతం లేదని. ఆ గర్వానికి కారణం తమ్ముడు.

తల్లి పోయేనాటికి ఆమెకు పద్దెనిమిది, వాడికి ఎనిమిది. తండ్రి లారీ మీద తిరిగే మనిషి, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. వాడికి తల దువ్వింది, ఎక్కాలు వల్లె వేయించింది, జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది అన్నీ అక్కే. పెద్దయ్యాక వాడూ డ్రైవరై అదే డిపోలో చేరాడు. చేరిన మొదటిరోజే ఆమె కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. "అక్కను కదాని తేలికరూటు అడిగావో, నెలరోజులు కొండదారి మీదే ఉంటావు." వాడు అడగలేదు. పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా రేపటి డ్యూటీ ఏమిటని ఇంట్లో అడగలేదు, ఆమె చెప్పలేదు. అందరితోపాటు బోర్డు మీదే చూసుకునేవాడు.

ఆ డిపోలో ఒక ఆట ఉండేది. బస్సుల బాడీలు కట్టి రిటైరైన మేస్త్రి ఒకాయన, ఊరికే కూర్చోలేక, పాత బస్సు నేలపలకల మీద రెండు రాజ్యాల పటం గీశాడు. మిగిలిపోయిన రంగులు వాడాడు కాబట్టి నది బస్సు నీలం, కొండలు నంబరుపలక పసుపు. ఏడాదికొక ఆదివారం, డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే బడిలో, ఈ డిపోకూ ఏటి అవతలి డిపోకూ మధ్య ఆ ఆట జరిగేది. పదింటికి మొదలైతే నాలుగింటికి ముగుస్తుంది. గెలిచిన డిపోకు ఇత్తడి స్టీరింగు చక్రం. అది పేరుకే చక్రం. దానికోసం ఏడాదంతా మాటలు పడేవాళ్ళున్నారు.

ఆట తీరు ఇది. ఒక్కో పక్షానికి ఒక రాజు, నలుగురు అధికారులు. కోటపాలకుడి చేతిలో సైన్యం, కోట ఉంటాయి. వేగు శత్రువు పటాన్ని పూటకొక నిమిషం చూసి, చూసింది రాజుకు రాసి పంపుతాడు. మిగతా ఇద్దరూ ధాన్యం, దారులు చూసుకుంటారు. ఇరవై నిమిషాలు ఒక పూట. రాజు హాల్లో పటం ముందు కూర్చుంటాడు, అధికారులు తలొక గదిలో ఉంటారు. మాటల్లేవు, చీటీలే. చీటీలు మోసేది మేస్త్రి మనుషులు.

ఇక ఆ ఆటకు ప్రాణంలాంటి నియమం ఒకటుంది. ప్రతి రాజూ ఆటలో ఒక్కసారి, శత్రువు అధికారుల్లో ఒకరికి రహస్యంగా ఉత్తరం పంపవచ్చు. మావైపు వచ్చెయ్ అని. దానిమీద సంతకం పెడితే ఆ క్షణం నుంచి అతను వాళ్ళ మనిషి. తన చోటులోనే కూర్చుని పాత రాజుకు అబద్ధపు చీటీలు రాయవచ్చు. వాళ్ళు గెలిస్తే వాళ్ళతోపాటు గెలిచినట్టు. ఉత్తరం వెళ్ళినప్పుడు మేస్త్రి గంట కొడతాడు. ఎవరికి వెళ్ళిందో చెప్పడు. రాజుకు అనుమానం వస్తే ఎర్రచీటీ రాసి ఒక్క అధికారిని లేపెయ్యవచ్చు, అదీ ఒక్కసారే. పదేళ్ళలో అలా సంతకం పెట్టినవాళ్ళు ఇద్దరే. వాళ్ళలో ఒకడు ఇప్పటికీ కాంటీనులో ఒక్కడే కూర్చుని తింటాడు.

అందుకే రాజులంతా అయినవాళ్ళనే అధికారులుగా పెట్టుకునేవాళ్ళు. అవతలి డిపో రాజు గ్యారేజీ పెద్ద. మీసాలాయన అంటారు. ఆయనకు సొంత తమ్ముడు, ఇద్దరు అల్లుళ్ళు, ఒక మేనల్లుడు, వెరసి నలుగురూ ఇంటివాళ్ళే. "మావాళ్ళకు బుర్ర కాస్త తక్కువే. అయితేనేం, నా ఉప్పు తిన్నవాళ్ళు" అని మీసం సవరించుకునేవాడు. చార్టమ్మ రాణి అయ్యాక ఆమె కూడా తమ్ముణ్ణే కోటపాలకుణ్ణి చేసింది. మూడేళ్ళు చేసింది, మూడేళ్ళూ ఓడిపోయింది. మూడో ఏడు మరీ ఘోరం. శత్రువు చిన్న దండు ఒకటి భయపడ్డట్టు వెనక్కి తిరిగితే, తరిమికొడదామని తమ్ముడు తలుపులు తీసుకుని సైన్యమంతటితో బయటికి ఉరికాడు. తిరిగొచ్చేసరికి కోట లేదు. ఆ ముక్క డిపోలో ఆరునెలలు నవ్వులాటగా నడిచింది. ఎవరైనా టీకి వెళ్తూ "కోట చూస్తుండరా" అంటే చాలు, తమ్ముడి ముఖం కందగడ్డయ్యేది.

అలాంటి సమయంలో డిపోకు పిల్లి వచ్చాడు. చెకింగు ఇన్‌స్పెక్టరు. ఏ స్టాపులో ఎక్కుతాడో తెలియదు, చప్పుడుండదు, వెనక్కి తిరిగి చూస్తే సీట్ల మధ్య నిలబడి టికెట్లు చూస్తుంటాడు. అందుకే ఆ పేరు. చెకింగువాడంటే ఎలాగూ ఎవరికీ పడదు. దానికితోడు ఈయన బదిలీ మీద వచ్చింది అవతలి డిపో నుంచి, మీసాలాయన దగ్గర పన్నెండేళ్ళు పనిచేసి. కాంటీనులో ఆయన కూర్చున్న బల్ల దగ్గర కుర్చీలు వాటంతటవే ఖాళీ అయ్యేవి.

ఒక మధ్యాహ్నం విశ్రాంతి గదిలో పటం పరిచి ఉంటే, పిల్లి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చుంటారా?" అంది చార్టమ్మ మర్యాదకు.

"కోటవైపు కూర్చోవచ్చాండీ?" అన్నాడాయన.

ఆ రోజు చార్టమ్మ మూడు గంటలు ఆ కోట మీద తలబాదుకుంది. తలుపు తెరిపించలేకపోయింది. మర్నాడు మళ్ళీ ఆడితే మళ్ళీ అంతే. ఎర వేస్తే చూస్తూ ఊరుకుంటాడు. నిజంగా సందు దొరికితే మాత్రం గుప్పెడు మందిని పంపి పని ముగించుకుని తలుపేసుకుంటాడు. ఇలాంటి మనిషి తన పక్కనుంటే అన్న ఆలోచన ఆమెను వదల్లేదు. ఆ వెనకే ఇంకో ఆలోచన. పాత స్నేహాలున్న మనిషి, ఒక్క ఉత్తరంతో అటు తిరిగిపోతే?

వారం రోజులు తల పట్టుకుంది. చివరికి తన చార్టు పద్ధతిలోనే తేల్చుకుంది. కోటకు తెలివి ముఖ్యం. వేగుకు నమ్మకం ముఖ్యం. వేగు చెయ్యాల్సింది కళ్ళతో చూసి, చూసింది చూసినట్టు రాయడమే, కాని ఒక్క అబద్ధం రాశాడంటే రాజ్యం మునిగిపోతుంది. ఆ చోట్లో ప్రపంచంలో తను నమ్మే మనిషి ఒక్కడే. కోట పిల్లికి, వేగు తమ్ముడికి. ఆమె మనసులో అది తమ్ముణ్ణి దించడం కాదు, ఇంకా దగ్గరికి తెచ్చుకోవడం.

ఆ సంగతి తమ్ముడికి మాత్రం చెప్పలేదు. డిపోలో ఎవరికీ ముందుగా చెప్పని మనిషి వాడికి మాత్రం ఎలా చెబుతుంది? ఆటకు పదిరోజుల ముందు, ఎప్పట్లాగే గుండ్రటి అక్షరాలతో పేర్లు రాసి, చార్టు పక్కనే బోర్డుకు గుచ్చింది.

సాయంత్రం ఆమె ఇంటికెళ్ళేసరికి మరదలు వచ్చి కూర్చుని ఉంది. సంచీ ఒళ్ళోనే పెట్టుకుంది. చార్టమ్మ భర్త ఇచ్చిన టీ ముట్టుకోలేదు.

"వదినా, ఒక్క మాట అడిగి పోదామని వచ్చాను. మీ తమ్ముడు మీకేం తక్కువ చేశాడు?"

"ఆట గురించేనా? అది కాదమ్మా..."

"ఆటే. ఆట కాబట్టే అడుగుతున్నా. ఆటలో కూడా ఆయనకు చోటు లేకుండా చెయ్యాలా? పోనీ, మనవాడెవడికో ఇచ్చారా? పోయిపోయి ఆ చెకింగాయన్ని తెచ్చి నెత్తిన పెట్టుకున్నారు. బోర్డు ముందు పదిమంది నిలబడి నవ్వుతుంటే ఈయన చదువుకున్నారట. అక్క నోటితో చెప్పొచ్చు కదా, పరాయివాళ్ళు చెప్పాలా?"

చార్టమ్మ వేగు చోటు ఎంత గొప్పదో చెబుదామనుకుంది, అది ఇప్పుడు చెబితే సాకులాగా ఉంటుందనిపించింది. మరదలు లేచి చెప్పులేసుకుంది.

"ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు" అని గుమ్మంలోంచి అంది. "మీరు పెంచిన పిల్లాడే, మీకే తెలియాలి."

మర్నాడు పొద్దున కిటికీ దగ్గర వరస కదులుతూ కదులుతూ తమ్ముడి దాకా వచ్చింది. వాడు ఆమె ముఖం చూడలేదు.

"మేడమ్, నా బండి ఎక్కడుంది?"

పద్నాలుగేళ్ళుగా "అక్కా" అన్న నోరది. చార్టమ్మ బండి ఎక్కడుందో చెప్పింది. వాడు తాళం తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ పదిరోజులూ అదే పిలుపు.

రెండు డిపోల మధ్య రోజుకు నలభై బస్సులు తిరుగుతాయి. అక్కాతమ్ముళ్ళ మాటలు తెగిపోయాయన్న కబురు ఏరు దాటడానికి ఒక్క పూట కూడా పట్టి ఉండదు.

ఆట రోజు వచ్చింది. శిక్షణ బడి హాల్లో కిటికీలన్నీ తెరిచారు. అయినా ఉక్కపోతగానే ఉంది. హాలు మధ్యన తెర, తెరకు అటు మీసాలాయన, ఇటు చార్టమ్మ. రాజుకు పక్కన ఒక మనిషి ఉండవచ్చు కాబట్టి చార్టమ్మ పక్కన కాంటీనక్క కూర్చుంది. డిపో మొత్తానికి టీ పోసే మనిషి, ఎవరి కడుపులో ఏముందో తనకే తెలుసని ఆవిడ నమ్మకం.

మధ్యాహ్నం దాకా ఆట చీమ నడకన సాగింది. పిల్లి కోటలోంచి కదల్లేదు. తమ్ముడి చీటీలు పూటపూటకూ వేళకే వస్తున్నాయి. పొడిపొడిగా రెండు ముక్కలు. "ఏటి గట్టున వందమంది. మార్పు లేదు." కింద సంతకం. అంతకుమించి ఒక్క అక్షరం లేదు.

ఒంటిగంటకు అందరూ భోజనాలకు లేచారు. ఆవరణలో తమ్ముడు గోడవైపు తిరిగి ఒక్కడే తింటున్నాడు. మీసాలాయన చెయ్యి కడుక్కోవడానికి అటువెళ్ళి, తువ్వాలుతో మీసం తుడుచుకుంటూ, నలుగురికీ వినపడేట్టే అన్నాడు.

"ఏమోయ్ కోటపాలకుడూ! ఈ ఏడు మీ అక్క నిన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టిందట? గాలి బాగా వస్తోందా?"

నలుగురూ నవ్వారు. తమ్ముడు తల ఎత్తలేదు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. దూరం నుంచి చూస్తున్న చార్టమ్మకు లేచి వెళ్దామనిపించింది. ఆట మధ్యలో రాజు అధికారితో మాట్లాడకూడదు. కూర్చుండిపోయింది.

రెండింటికి మళ్ళీ మొదలైంది. పది నిమిషాలు గడిచాయో లేదో, వెనక బల్లమీద మేస్త్రి ఇత్తడి గంట ఖణేల్‌మంది.

మీసాలాయన ఉత్తరం వెళ్ళింది.

"ఇంకెవరికి?" కాంటీనక్క చార్టమ్మ చెవిలో బుసకొట్టింది. "వాళ్ళ పాత మనిషి ఉన్నాడుగా మన కోటలో. లేపెయ్యి ఆ పిల్లిని. ఎర్రచీటీ రాసెయ్యి."

"ఆగక్కా."

"ఆగితే కోట పోయాక రాస్తావా?"

చార్టమ్మ ఎర్రచీటీ తీసి బల్లమీద పెట్టుకుంది. కలం మూత తీయలేదు. పూట ముగిసింది. చీటీలు మోసేవాడు పళ్ళెం తెచ్చాడు. కోట నుంచి చీటీ ఉంది. ధాన్యం చూసే టైర్లక్క చీటీ ఉంది. దారుల కండక్టరు చీటీ ఉంది. వేగు చీటీ లేదు.

"ఇంకోటి రావాలే?" అంది చార్టమ్మ.

మోసేవాడు తల అడ్డంగా ఊపాడు. అతను మాట్లాడకూడదు.

పొద్దుటినుంచి వేళ తప్పని చీటీ, గంట మోగాక ఆగిపోయింది. అవతల మీసాలాయన బంట్లు పటం మీద కదులుతున్న చప్పుడు తెరమీదుగా వినపడుతోంది. అవి ఎటు కదులుతున్నాయో ఆమెకు తెలియదు. పిల్లి చీటీలో ఇలా ఉంది. "మీ నుంచి వేగు కబురు రాలేదు. వాళ్ళ ధాన్యం ఖర్చు చూస్తే రేవు మీదికి వస్తారని నా అంచనా. సైన్యాన్ని రేవుకు తిప్పమంటారా?"

తర్వాతి పూట. మళ్ళీ పళ్ళెంలో మూడే చీటీలు.

ఈసారి కాంటీనక్క కూడా చూసింది. ఒక్క క్షణం చార్టమ్మ ముఖంలోకి చూసి చూపు తిప్పుకుంది. "తమ్ముడికి ఒంట్లో బాగుందో లేదో" అని గొణిగింది. ఆ మాట ఆవిడే నమ్మలేదు.

ఎర్రచీటీ మీద ఇప్పుడు రాయాల్సిన పేరు ఏదో చార్టమ్మకు తెలుస్తూనే ఉంది. వేగు లేకుండా కళ్ళు మూసుకుని ఆడటం కంటే, వాణ్ణి లేపి ఇంకొకర్ని పెట్టడమే తెలివి. చార్టు వేసే మనిషిగా అయితే ఈపాటికి రాసేసేది. కాని రెండు డిపోల జనం ముందు, మేస్త్రి ఆ గది తలుపు తీసి "లెమ్మంటోంది మీ అక్క" అంటే, వాడు నడిచొచ్చే ఆ నాలుగడుగులు ఆమె కళ్ళకు కట్టాయి. సంతకం పెట్టాడో లేదో తెలియకుండానే దొంగను చేసినట్టవుతుంది. పెట్టకపోయుంటే? పెట్టే ఉంటే? చెమట కణతల మీదుగా కారుతోంది. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

మూడో పూట సగంలో పళ్ళెం వచ్చింది. వేళ కాని వేళ. అందులో ఒక్కటే చీటీ, తమ్ముడి రాత.

"వంతెన మీదుగా వస్తున్నారు. మొత్తం సైన్యం. రేవు దగ్గరున్నవి ఖాళీ పడవలు."

చార్టమ్మ దాన్ని మూడుసార్లు చదివింది. నిజమైతే సైన్యాన్ని వెంటనే వంతెనకు తిప్పాలి. అబద్ధమైతే, వంతెనకు తిప్పిన మరుక్షణం రేవు ఖాళీ, కోట వాళ్ళది. వాడు మీసాలాయన మనిషై ఉంటే సరిగ్గా ఇదే రాస్తాడు. పిల్లి మీసాలాయన మనిషై ఉంటే సరిగ్గా రేవు అనే రాస్తాడు. పూట ముగియడానికి ఎనిమిది నిమిషాలు.

ఆమె తెల్లచీటీ తీసుకుంది. తమ్ముడు రాసింది రాసినట్టు దించి, కింద ఒక్క ముక్క చేర్చింది. "నమ్మవచ్చా?" అది కోటకు పంపింది.

"పిచ్చి పట్టిందా?" అంది కాంటీనక్క. "దొంగ చేతికి తాళమిస్తున్నావు!"

జవాబు రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. పిల్లి చిన్న అక్షరాలు, చీటీ నిండా.

"నాది అంచనా. ఆయన కళ్ళతో చూసి రాస్తున్నాడు. నా అంచనా పక్కన పెట్టండి. మీ తమ్ముడి బండి నేను పదకొండుసార్లు ఎక్కాను. నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు. ఒకసారి నామీద గట్టిగానే అరిచాడు. ఆ అరిచిన రోజున కూడా ఒక్క స్టాపు వదలలేదు. చెయ్యెత్తిన ముసలమ్మ కోసం బండి ఆపి, ఆవిడ కూర్చున్నాకే కదిలించాడు. కోపమొస్తే పని చెడగొట్టే మనిషి కాదు. నేనైతే నమ్ముతాను."

ఆ చీటీ చదవగానే చార్టమ్మకు ఒక సంగతి తేలిపోయింది. పిల్లి అటు తిరగలేదు. తిరిగినవాడైతే రేవు మాట వదులుకోడు. అంటే ఉత్తరం వెళ్ళింది దాదాపుగా తమ్ముడికే. తను ఎక్కాలు నేర్పిన తమ్ముడు. వాడు ఎలాంటివాడో ఎనిమిది నెలల కిందట వచ్చిన పరాయి మనిషి తనకు రాసి చెబుతున్నాడు. ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే, ఎందుకో, ధైర్యమూ వచ్చింది.

ఎర్రచీటీని నాలుగు మడతలు పెట్టి గ్లాసు కింద తోసింది. కోటకు ఆజ్ఞ రాసింది. "అందరూ వంతెనకు. రేవు వదిలెయ్యండి."

పూటలో మిగిలిన ఆ కొద్ది నిమిషాలు ఆమె ఎలా కూర్చుందో ఆమెకే గుర్తులేదు. కాంటీనక్క మాత్రం తర్వాత చాలాకాలం చెప్పేది, "కుర్చీ చెయ్యి పట్టుకున్న చోట గోళ్ళ గాట్లు పడ్డాయి" అని. పూట ముగిశాక మేస్త్రి తెర పక్కకు లాగాడు. ఏటిగట్టు పొడవునా ఖాళీ పడవలు. వంతెన మీద, ఒకడి వెనక ఒకడుగా, మీసాలాయన మొత్తం సైన్యం. దానికెదురుగా పిల్లి మనుషులు.

మీసాలాయన లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు.

కోట నిలిచింది. అంతే, గెలవలేదు. మిగిలిన మూడు పూటల్లో శత్రువు కోట పట్టే బలం చార్టమ్మకు లేకపోయింది. నాలుగింటికి మేస్త్రి గంట కొట్టి సమానమన్నాడు. సమానమైతే చక్రం పోయినేడు గెలిచినవాళ్ళ దగ్గరే ఉంటుంది. ఇత్తడి చక్రం మళ్ళీ ఏరు దాటి వెళ్ళిపోయింది. డిపో జనం ఉస్సూరుమన్నారు. గంట మోగాక ఆ రెండు పూటలు వేగు కబురు వేళకు వచ్చి ఉంటే ఏమయ్యేదో అని ఒకరిద్దరు గొణిగారు కూడా.

పిల్లి గదిలోంచి బయటికొచ్చి, అందరూ తనవైపు చూస్తుంటే ఇబ్బందిపడి, చప్పుడు లేకుండా గేటు దాటిపోయాడు. కృతజ్ఞత చెప్పడానికి కూడా ఆమెకు దొరకలేదు.

అక్కాతమ్ముళ్ళు ఇంటికి ఒకే బస్సెక్కారు. వెనకసీటు. నడిపేవాడు ఇంకెవరో. మలుపు వచ్చినప్పుడల్లా తమ్ముడి కుడికాలు నేలను తొక్కుతోంది, అక్కడ బ్రేకు ఉన్నట్టు. మూడు స్టాపులు దాటాక చార్టమ్మే అడిగింది.

"ఉత్తరం నీకే వచ్చిందా?"

వాడు జేబులోంచి మడత కాగితం తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. కింద సంతకం చోట ఒక్క అక్షరం ఉంది. వాడి పేరులో మొదటి అక్షరం. దాని తర్వాత ఏమీ లేదు.

"మొదలుపెట్టా" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "రెండు పూటలు దాని ముందే కూర్చున్నా. నీకు చీటీ రాయబుద్ధి కాలేదు, దానిమీద రాయబుద్ధి కాలేదు."

"మరెందుకు ఆపావు?"

"చివర్లో చూడు ఏం రాశాడో. మీ అక్క లెక్కలు చూసుకునే మనిషి, నిన్ను వాడుకుని పక్కన పడేసింది అని. అది చదివితే నవ్వొచ్చిందక్కా. లెక్కలు చూసుకునే మనిషయితే నన్ను మూడేళ్ళు కోటలో ఉంచుతుందా?"

చార్టమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ రెంటికంటే ముందు, పదిరోజుల తర్వాత ఆ "అక్కా" చెవిన పడింది.

"నిన్ను వేగుగా ఎందుకు పెట్టానో తెలుసారా? అబద్ధం రాస్తే అందరం మునిగే చోటది. నిన్ను తప్ప..."

"ఆ ముక్క ముందే చెబితే నోరు అరిగిపోతుందా?"

"డిపోలో ఎవరికీ ముందుగా చెప్పను కదా."

"డిపోలో చెప్పకు. ఇంట్లో చెప్పు. నేను బోర్డు ముందు నిలబడి చదువుకోవాలా, దారిన పోయేవాడిలా?"

వాడు చెప్పింది నిజం. రెండు స్టాపుల తర్వాత వాడే, "ఆ పిల్లి ఏం రాశాడు నా గురించి? మేస్త్రి ఏదో అన్నాడు" అని అడిగాడు. ఆమె ఆ చీటీ దాచుకుంది. తీసి ఇచ్చింది. వాడు చదివి, మడిచి, తిరిగి ఇవ్వకుండా తన జేబులో వేసుకున్నాడు.

అన్నీ ఒక్కరోజులో సర్దుకోలేదు. మరదలు వానలు వెనకబట్టేదాకా ఈ గుమ్మం తొక్కలేదు. వచ్చిన రోజున కూడా ఆట మాట ఎత్తలేదు, ఇల్లు ఊడ్చి, వంటలో చెయ్యివేసి వెళ్ళింది. తమ్ముడు కాంటీనులో పిల్లి బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదట్లో ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు, ఎదురెదురుగా తినేవాళ్ళు, అంతే. మరుసటి ఏడు చక్రం ఏరు దాటి ఇటు వచ్చింది. ఆపై ఏడు మళ్ళీ పోయింది.

ఆరేళ్ళకు చార్టమ్మ రిటైరైంది. రాణి కుర్చీ ఎవరికని డిపో వాళ్ళు ఆమెనే పేరు చెప్పమన్నారు. చెప్పడానికి ముందురోజు ఆమె తమ్ముడింటికి వెళ్ళింది. వాడు సైకిలు గొలుసుకు నూనె వేస్తున్నాడు.

"నీ పేరు చెప్పడం లేదురా" అంది నిలబడే.

వాడు నూనెడబ్బా కింద పెట్టాడు. ముఖం మాడింది. దాచుకుందామనుకున్నా దాగలేదు. "ఎవరి పేరు?" అన్నాడు.

"టైర్లక్క."

వాడు గొలుసు తిప్పుతూ ఉండిపోయాడు. చార్టమ్మ మరదలిచ్చిన టీ తాగి, వెళ్ళొస్తానని చెప్పి, వాకిట్లోకి వచ్చింది. గేటు దాటబోతుంటే వెనకనుంచి వాడి గొంతు.

"ఆవిడ ధాన్యం మొదటి రెండు పూటల్లోనే ఖర్చుపెట్టేస్తుంది, చూశావా? ఆ సంగతి ఆవిడకు ముందే చెప్పు. బోర్డు మీద కాదు."